చీఫ్ ఇంజినీరుగారి లార్చ్ మీద మంచు

2008లో నన్ను రాయపూర్‌లో హార్టికల్చర్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. తెలీబంధా వైపున్న మా శాఖ బంగళాల తోటలు, చెట్ల తెగుళ్లు నా బాధ్యత. నా కాన్ఫిడెన్షియల్ రిపోర్టు, అంటే ప్రమోషన్‌కి ఆధారమయ్యే ఏటేటి రహస్య నివేదిక, చీఫ్ ఇంజినీరు రావుగారి సంతకంతోనే కదిలేది.

ఆ ఫిబ్రవరిలో రావుగారు హిమాలయాల వైపు సెలవుకు వెళ్లి, కుండీలో ఒక లార్చ్ మొక్క, చలికొండల్లో పెరిగే చెట్టు, తెచ్చారు. కొమ్మలు గొడుగులా కిందికి వాలే అలంకారపు రకం. దానికోసం వరండాలో కూలర్ పెట్టించారు. చోటు చాలక ఆయన భార్య సరళగారి మందార కుండీలు పెరట్లోకి వెళ్లాయి.

మొక్కకి ఒక్క ఆకూ లేదని, చచ్చిపోయిందేమోనని ఆయన నన్ను పిలిపించారు. లార్చ్ సూదుల్లాంటి ఆకుల్ని చలికాలంలో రాల్చేస్తుందని, అది రోగం కాదని చెప్పాను.

మార్చిలో చిగుళ్లు వచ్చాయి. వెంటే వాటి మధ్య తెల్లటి దూది ముద్దలూ వచ్చాయి. రావుగారు పొంగిపోయారు. కొండల మంచు గుణం మొక్కలో నిలిచిపోయిందని ఆఫీసంతా చెప్పి, ఆదివారం అధికారుల కుటుంబాలను కాఫీకి పిలిచారు.

శుక్రవారం నేను భూతద్దంతో వెళ్లేసరికి ఆయన ఇంట్లో లేరు. దూది కింద నల్లటి చిన్న పురుగులు రసం పీలుస్తున్నాయి. మేం ఉన్ని పేను అనేవాళ్లం. ఒంటిమీద మైనపు నూలు కప్పుకుంటుంది. బెరడు పుండు పడి జిగురు కారితే శిలీంధ్రం తెచ్చే క్యాంకర్ తెగులని అనుమానించాలి. అది లేదు. సబ్బునీళ్లు పిచికారీ చేస్తే చాలని సరళగారికి చెప్పాను.

ఆవిడ చాలాసేపు నా భూతద్దంలోంచి చూశారు.

"ఇవి పాకుతాయా?"

"పిల్ల పురుగులు పాకుతాయి మేడమ్."

"అయితే మందు సోమవారం కొట్టండి. అద్దం ఇక్కడే ఉంచండి."

"సార్‌కి చెప్పాలి కదా మేడమ్."

"నేను చెప్తాలెండి. మీరు ఫికర్ చేయకండి."

ఆదివారం నన్నూ పిలిచారు. రావుగారు మంచు గురించి హిందీలో వివరిస్తుండగా, సరళగారు ఒక పెద్ద అధికారి భార్య చేతిలో భూతద్దం పెట్టి, "జరా పాస్ సే దేఖియే, భాభీజీ" అన్నారు. కాస్త దగ్గర్నుంచి చూడమన్నందుకు ఆవిడ వంగి చూశారు.

"అరే, యే బరఫ్ తో చల్ రహీ హై."

మంచు నడుస్తోందన్న మాటకి రావుగారు నావైపు తిరిగారు.

"నాయుడుగారూ, ఏంటండీ ఇది?"

"ఉన్ని పేను సార్."

"నాకెందుకు చెప్పలేదు?"

"నేనే ఆపానండీ," అన్నారు సరళగారు, కప్పులు అందిస్తూ. "పార్టీకి ముందే మీ మంచు కరిగించడం ఎందుకని."

ముందు నవ్విందెవరో గుర్తులేదు. నేను మాత్రం కాదు.

సోమవారం పిచికారీ చేశాను, పురుగు పోయింది. మే నెల ఎండకి, కూలర్ ఉన్నా, లార్చ్ కూడా పోయింది. దానికి ఏ తెగులూ కారణం కాదు. ఆ ఏడు నా రిపోర్టులో రావుగారు "పనిలో నిపుణుడు, సమాచారం ఇవ్వడంలో నిదానం" అని రాశారు. ప్రమోషన్ ఏడాది ఆలస్యంగా వచ్చింది.

ఆ తర్వాత ఏ బంగళాలో పురుగు కనిపించినా, చెట్టు తెచ్చుకున్న మనిషికే, అదే రోజు, ఫోన్‌లోనైనా చెప్పేవాణ్ని. పురుగును గుర్తుపట్టడం శిక్షణలో నేర్పుతారు. దాని పేరు ముందు ఎవరికి చెప్పాలో నేర్పరు.