ఆర్వల్ స్టెన్‌బెక్ పేరులేని చిమ్మట

ఆర్వల్ స్టెన్‌బెక్ కంటబడిన మనిషి చిమ్మటను చూడకుండా ఇల్లు చేరడమన్నది ఆ నెబ్రాస్కా కౌంటీలో జరగని పని. బడి బస్సు నడపడం మానేసి పదేళ్ళయినా, బస్సుకుండే ఎర్రటి ‘ఆగు’ పలకను మాత్రం ఊడబీక్కుని తెచ్చుకున్నాడు. అది పట్టుకుని రోడ్డుకు అడ్డంగా నిలబడతాడు. షెరీఫ్‌ను ఆపాడు. పెళ్ళికారును ఆపి, పెళ్ళికూతుర్ని తెల్లగౌనుతో సహా రోడ్డుపక్క గుంటలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు.

"ఆ పసుపు పువ్వులో చూడు. తల లోపలికి దూర్చి కూచుంది."

"పువ్వే కనిపిస్తోంది, పెద్దాయనా."

"అదేనమ్మా దాని గొప్ప."

సీతాకోకచిలుకకు పేదచుట్టం లాంటి పురుగది. రంగూ పువ్వుదే, వాటమూ పువ్వుదే. ఏ శాస్త్రవేత్తా దాని జోలికి పోలేదు. పేరైనా పెట్టలేదు.

మాంసం ఫ్యాక్టరీ రెండువందలమందిని ఒక్కపూటలో వీధిన పడేసిన రోజు, వాళ్ళలో ఒకతైన నాడీన్ కుచెరా కారునూ ఆపాడు. ఆ ఏడుపు కళ్ళకు పువ్వు కూడా సరిగా ఆనలేదు.

"ఎవరితో అనకమ్మాయ్," అన్నాడు చెవిలో. "దీనికి నీ పేరే పెట్టిస్తా."

నాడీన్‌కు ఎక్కడలేని బలం వచ్చింది. తర్వాత కౌంటీ ఆఫీసులో గుమస్తా అయింది. రహస్యం మాత్రం కడుపులోనే దాచుకుంది.

మొన్న మంగళవారం ఆ ఆఫీసులోనే కమిషనర్ రాయ్స్ హేబర్‌మన్ రోడ్డుపక్కలంతా కలుపుమందు కొట్టించే తీర్మానం పెట్టాడు. మందు కంపెనీ మనిషి ముందువరసలో కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. మందు పడితే పువ్వుండదు. పువ్వు లేకపోతే పురుగుండదు.

నాడీన్ కలం పడేసి లేచింది. "కుదరదు. అది నా చిమ్మట."

"నీదెలా అవుద్ది?" వడగళ్ళకు పంట పోగొట్టుకున్న డ్వేన్ లేచాడు. "పెట్టేది నా పేరైతే."

"మీ ఇద్దరికీ మతి పోయింది," అన్నాడు మెషీన్లో రెండు వేళ్ళు పోయిన ఎఫ్రెయిన్. "మాటిచ్చింది నాకు."

పదిహేడుమంది లేచారు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆర్వల్ ఎవరికి ఏ రోజున మాటిచ్చాడో నాడీన్‌కు అప్పుడు తెలిసింది. బతుకు సాఫీగా ఉన్నవాళ్ళకు ఒట్టి పువ్వు చూపించి పంపేశాడు.

గదంతా ఘొల్లున నవ్వింది.

"ఇంతకీ ఎవరి పేరు పెట్టావయ్యా?" అన్నాడు రాయ్స్, వెనక వరసలో పలక పట్టుకుని కూర్చున్న ఆర్వల్ వైపు తిరిగి.

"పెట్టలేదురా. పెట్టేస్తే ఒక్కరికే సరిపోద్ది."

తీర్మానం వీగిపోయింది. రాయ్స్ మొహం వేలాడేసుకుని అందరికంటే ముందే వెళ్ళిపోయాడు.

సాయంత్రం నాడీన్ ఇంటికెళుతుంటే, ఆ గుంటలో కమిషనర్ కోటుతో సహా మోకాళ్ళ మీద ఉన్నాడు. ఆర్వల్ అతని చెవి దగ్గరకు వంగాడు.

‘పద్దెనిమిది,’ అనుకుని నాడీన్ హారన్ కొట్టి ముందుకు సాగింది.