వారెన్ తుపాకీని అల్మా మార్చుకున్న వైనం

పోయినవాళ్ళని మా ఊళ్ళో దేవుళ్ళని చేసేస్తారు. వారెన్ కెటరర్ విషయంలో మాత్రం నాకు చేతకాలేదు. తాతలనాటి సింగిల్ షాట్ తుపాకీని పెళ్ళాం అల్మా చేత నూనె పెట్టించి తుడిపించేవాడే గానీ, జీవితంలో ఒక్కసారి పేల్చనిస్తేనా! "నీ భుజం ఊడి చేతికొస్తుంది" అనేవాడు. ఆ భుజంతోనే ఆవిడ వాల్వుల ఫ్యాక్టరీలో లేతు తిప్పి ఇల్లు నడిపింది. ఆయనగారు వరండాలో కూర్చుని వేట కబుర్లు చెప్పేవాడు.

ఆయన పోయాక అల్మా తుపాకీని గోడ మీంచి దించింది. వచ్చే నవంబరులో మా ఊరి ఫైరింజన్లుండే ఫైర్‌హాల్లో జరిగే కాల్పుల పోటీలో దాన్నే పేలుస్తానంది. అప్పటికి భుజానికి నిజంగానే ఆపరేషనైంది. ఆ తుపాకీలో వేసే లావుపాటి తూటా పేలితే భుజానికి తగిలే దెబ్బని తట్టుకోవడం ఇక కుదరదు. అందుకని పాత గొట్టంలో సన్న గొట్టం దూర్చి, ఉడతల్ని కొట్టే చిన్న రిమ్‌ఫైర్ తూటాకి మార్చేద్దామనుకుంది.

సంగతి తెలిసి మరిది లెరాయ్ ఊడిపడ్డాడు.

"వదినా, మతుండే చేస్తున్నావా? మా అన్న ప్రాణం అది! డ్రిల్లు పెట్టావంటే పాత సామాన్లు కొనేవాడు కన్నెత్తి కూడా చూడడు."

"వాడెందుకు చూడాలి? చూసుకోవాల్సింది నేను. పక్కకి జరుగు, వెలుతురుకి అడ్డం."

చలికాలమంతా గరాజులో తంటాలు పడింది. ఫ్యాక్టరీ బుద్ధి ఎక్కడికి పోతుంది? కొత్త గొట్టాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా నడిమధ్యన కూర్చింది. నన్ను పిలిచి మరీ చూపించి మురిసిపోయింది. తూటా పెట్టి, ఇసుక బాల్చీలోకి గురిపెట్టి నొక్కింది.

టక్కుమంది. అంతే.

తలుపు దగ్గర నిలబడి చూస్తున్న లెరాయ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను, దాచడమెందుకు. రిమ్‌ఫైర్ తూటాకి దెబ్బ తగిలితే అంటుకునే మందు అడుగున అంచులో ఉంటుంది. ఈవిడ తుపాకీలో సూదేమో పాతకాలపు పద్ధతిలో సరిగ్గా మధ్యలో పొడిచింది. అంచుని తాకందే అది పేలదు. అంత కచ్చితంగా చేయకపోయుంటే ఎక్కడో ఓచోట తగిలేదేమో!

"అన్నయ్య పైనుంచి నవ్వుతున్నాడు వదినా."

"నవ్వనీ. కింద ఉండగా ఏం చేశాడు గనక!"

కోపంతో ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. సూది బెజ్జాన్ని ఇనుముతో పూడ్చేసి, కాస్త పైన కొత్త బెజ్జం వేసింది. ఈసారి ఖాళీ తూటా పెట్టి నొక్కి చూస్తే దాని అంచు మీద గాటు పడింది. మందున్న తూటాని మాత్రం పోటీ దాకా పేల్చలేదు. ఆ గాటుని మా ఆవిడకి కూడా చూపించింది.

పోటీనాడు గురిచూసి కొట్టే కార్డు దగ్గర గుర్తులు వేసేది నేనే. గెలిచినవాడికి పంది తొడ. అల్మా వంతు రాగానే లెరాయ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ తుపాకీ ఎత్తింది. నాకు భయమేసింది. మళ్ళీ టక్కుమంటే ఈ మనిషి ఇంక ఇల్లు కదలదు.

టప్పుమంది.

కార్డు మూలన చిల్లు. గెలుపుకి ఆమడ దూరం. ఎవరో చప్పట్లు కొట్టారు. అల్మా తుపాకీ దించి, గొట్టాన్ని ఒకసారి చేత్తో నిమిరింది.

"చూశావా, కుక్కిన పేనులా చేసేశావు దాన్ని," అన్నాడు లెరాయ్. "మా అన్న పేలిస్తే కొండ దద్దరిల్లేది."

"ఔను," అంది అల్మా. కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "మీ అన్న ఇంట్లో నేనుండేదాన్ని అలాగే. ఇవాళ అది మాట్లాడింది, నేను విన్నాను. ఇంకో తూటా ఇటియ్యి."