కోటప్పకొండ దారిలో పుల్లైసు

మొన్న తెల్లవారి మా మిల్లు గేటు ముందు పొగమంచులో ఎవరిదో స్కూటరు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మండని పెట్రోలు వాసన తేమగాలిలో కలిసి ముక్కుకు తగిలింది. డ్యూటీకి వెళుతున్నవాణ్ణి అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన వస్తే నాకు ఎప్పుడూ ఒక గొంతు వినిపిస్తుంది: "ఒరేయ్ డిప్లమా, ముందు సాక్షిని పిలవరా!"

ఆ గొంతు నరసరావుపేట ప్లీడరు బాబాయిది. వరసకు బాబాయి కాదు, మేము వాళ్ళ ఇంటి వెనక వాటాలో అద్దెకు ఉండేవాళ్ళం. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆయన సాక్షిని క్రాస్ చేస్తుంటే కోర్టు బయట సోడాలు కొట్టేవాడు కూడా చెయ్యి ఆపి వినేవాడని చెప్పుకునేవారు. కోర్టు తర్వాత ఆయనకు ప్రాణం కారు. గుంటూరులో పొగాకు వ్యాపారం ముగించుకుని స్వదేశానికి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర కొన్న పాత స్పోర్ట్స్ కారు అది. ఇద్దరికే చోటు, పైన మడిచే గుడ్డ టాపు, ముందు పొడుగాటి ముక్కు. వీధిలో అందరూ దాన్ని మొసలి అనేవారు. చివరికి ఆయన కూడా అలాగే పిలిచేవారు.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లమా ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్న ఏడాది, పుష్యమాసపు చలిలో మొసలికి జబ్బు చేసింది. ప్లీడరు గారి భార్యను నేను పిన్ని అనేవాణ్ణి. ఆవిడ శివరాత్రి దాకా ప్రతి సోమవారం కోటప్పకొండ వెళ్ళి కోటయ్య స్వామిని చూసి వస్తానని మొక్కుకుంది. తెల్లవారగానే ఇద్దరూ బయలుదేరేవారు. దారిలో ఎల్లమంద ఊరు చేరేలోపే బండి ఆయాసపడి ఆగిపోయేది. కాసేపయ్యాక తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ బయలుదేరేది. ఒక సోమవారం కొండకు పోతున్న ఎడ్లబండి వాళ్ళు, "తాడేసి లాగమంటారా ప్లీడరు గారూ?" అని అడిగారు. పిన్నికి తల కొట్టేసినట్టయింది.

"చిలకలూరిపేటలో మా అన్న అడుగుతున్నాడు. ఇంజను తీసి తోటలో నీళ్ళు తోడుకుంటాడంట, ఇచ్చెయ్యండి," అంది ఇంటికి రాగానే.

"మొసలి మిరపతోటకు నీళ్ళు తోడిద్దా? ఏమే, నీకు మనసెట్టా వచ్చింది?"

"ఎద్దులు నన్ను జూసి జాలిపడితే వచ్చింది."

చివరికి రాజీ కుదిరింది. వచ్చే సోమవారం ఆగకుండా కొండ చేరితే మొసలి ఇంట్లోనే ఉంటుంది. ఆగితే మిరపతోటకు పోతుంది. ఆ సాయంత్రం బాబాయి కోర్టు కాగితాలు ముట్టలేదు. కారు పక్కన నిలబడి దాని అద్దం తుడుస్తూ ఉన్నారు.

కేసు నాకు అప్పగించారు. ఇంజను ఆగడానికి ఉన్న కారణాలన్నీ వరసగా పెట్టుకున్నాను: ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సరు, పెట్రోలు పంపు, టాంకు మూతలోని గాలిరంధ్రం, ఫ్లోటు, చోకు. ఒక్కొక్కటే విప్పి, శుభ్రం చేసి, బిగించాను. ఏ ఒక్కదానిలోనూ తప్పు లేదు. ఎండెక్కాక వినుకొండ రోడ్డు మీద నడిపి చూస్తే మొసలి బాణంలా పోయింది. అదే నాకు దిగులు పుట్టించింది. చెడినది కనబడితే బాగుచేయవచ్చు, కనబడనిదాన్ని ఏం చేస్తాం?

వరండాలో కుర్చీ వేసుకుని చూస్తున్న బాబాయి అన్నారు: "వరస బాగుందిరా. ముద్దాయిలందర్నీ పిలిచావు. సాక్షినే పిలవలా."

"సాక్షి ఎవరు బాబాయి గారూ?"

"ఆగినప్పుడల్లా పక్కసీట్లో కూర్చుంది ఎవరు?"

పిన్ని శనగపిండి చేతులతోనే వచ్చి గడప మీద నిలబడింది. బాబాయి గొంతు సవరించుకున్నారు.

"ఆగేముందు బండి ఏం చేసింది? చూసిందే చెప్పు. అనుకుంది చెప్పబాక."

"ఊపిరాడనట్టు గుంజుకుంది."

"పెట్రోలు అందకపోతే అంతే కదా పిన్నీ," అని నేను అందుకున్నాను.

"అబ్జెక్షన్! సాక్షి నోట్లో మాట పెట్టబాకరా."

పిన్ని నవ్వాపుకుంది. "నడుమ ఒక సోమవారం చలి కోసేసింది గానీ మంచు లేదు. ఆ రోజు ఆగలా. మంచు పట్టిన రోజే ఆగిద్ది."

"ఇంకేంది?"

"ఆగంగానే మీరు దిగి, దారినపోయేవాళ్ళకు దొర కథంతా చెప్తారు. అదయ్యాక మూత ఎత్తుతారు. అప్పటికి ఆ గాలి పీల్చే గొట్టం కాడ నీళ్ళు కారతా ఉంటయ్. మంచు తడేలే అనుకున్నా."

"అనుకుంది చెప్పబాకన్నానా?" అన్నారు బాబాయి. కానీ నా చేతిలో స్పానరు అప్పటికే ఆగిపోయింది.

ఇంజనుకు గాలీ పెట్రోలూ కలిపి అందించే కార్బురేటరులో పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. గాలి చల్లగా, తేమగా ఉంటే ఆ తేమ లోపలి గొంతులో గడ్డకడుతుంది. గాలి అందక ఇంజను ఆగుతుంది. ఆగాక ఇంజను వేడికి ఐసు కరిగిపోతుంది, సాక్ష్యం కూడా దానితోనే పోతుంది. ఈ పాఠం మా క్లాసులోనూ వచ్చింది. "ఇది మనకు కాదులే," అని నవ్వుకుని పేజీ తిప్పేశాం. రోహిణికార్తెకు రోళ్ళు పగిలే పల్నాడులో పుట్టినవాడు చలిని ఎందుకు అనుమానిస్తాడు? అంతకంటే పెద్ద విషయం నా కళ్ళముందే ఉంది. కార్బురేటరుకు ఇంజను వేడి తగలకుండా అడ్డంగా ఒక రేకు, ముందునుంచి చల్లగాలి తెచ్చే ఒక గొట్టం.

"బాబాయి గారూ, ఈ రేకు, గొట్టం ఎవరు పెట్టించారు?"

"అది కేసుకు సంబంధం లేని ప్రశ్న."

"ఈయనే," అంది సాక్షి. "ఎండాకాలం పెట్రోలు కాగి ఆగుతుందని దగ్గరుండి పెట్టించారు. వీధంతా పిలిచి చూపించారు గూడా."

శనివారం తెల్లవారి పంచనామాకు బయలుదేరాం. ముందు వాళ్ళిద్దరూ, వెనక మడిచిన టాపు మీద నేను. సాగర్ కాలువ దాటాక మంచు కమ్మింది. బండి గుంజుకుని ఆగింది. ఈసారి బాబాయిని కథ చెప్పనివ్వకుండా ఒక్క దూకు దూకి మూత ఎత్తి, గొట్టం ఊడదీశాను. కార్బురేటరు గొంతు నిండా తెల్లగా ఐసు! పిన్ని వేలు పెట్టి చూసి చిన్నపిల్లలా అరిచింది: "ఒరేయ్, పుల్లైసు!"

బాబాయి ఆ తెలుపు వంక కాసేపు చూసి, చేతులు జోడించి పిన్ని వైపు తిరిగారు. "ముద్దాయిని నేనే. నేరం ఒప్పుకుంటున్నా. బెయిలియ్యి."

రేకు విప్పాను. గొట్టం మూతిని వేడి సైలెన్సరు పైపు దగ్గరికి తిప్పాను. సోమవారం మంచు ఇంకా దట్టంగా ఉంది. ఎల్లమంద వచ్చేదాకా ముగ్గురం చెవులు ఇంజను మీదే పెట్టి కూర్చున్నాం. మొసలి మాత్రం హాయిగా గుర్రుమంటూ పోయింది. ఆ ఎడ్లబండిని దాటేటప్పుడు పిన్ని పక్కకు వంగి, "తాడు కావాలా అన్నా?" అని అడిగింది. బాబాయి నవ్విన నవ్వుకు కారు రోడ్డు అంచుకు పోయింది.

శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు. ఆ మర్నాడు రేకు బిగించడం, దీపావళి వెళ్ళాక విప్పడం నాకు ఏటా ఆచారమైంది. మిల్లులో ఉద్యోగం వచ్చాకా మానలేదు. ఇక్కడ మిషను ఆగితే నా వరస నాకు ఇప్పటికీ ఉంటుంది. కానీ స్పానరు తీసేముందు, ఆ మిషను పక్కన నిలబడి పనిచేసే మనిషి దగ్గరికి వెళతాను. చూసింది చెప్పమంటాను. మధ్యలో మాట అందించను. ఇది చదువులో లేదు, బాబాయి పెట్టిన భిక్ష.

బాబాయి పోయారు. ఆ తర్వాత పిన్ని డ్రైవింగు నేర్చుకుంది. కిందటి శివరాత్రి మర్నాడు రేకు పట్టుకుని వెళితే, కారు పక్కకు వచ్చి బోనులో నిలబడినట్టు నిలబడింది.

"సాక్షి వచ్చింది, అడగరా డిప్లమా."

"ఈ చలికాలం బండి ఎక్కడన్నా ఆగిందా పిన్నీ?"

"ఆగింది. కోటప్పకొండ కాడ," అంది. "నేనే ఆపాను."