మరియదాసు కుదిర్చిన రోగం

డెబ్బై నాలుగులో కూచిపూడి ఉత్సవ కమిటీవారు తమ యాంప్లిఫయరును బెజవాడ మెకానిక్కు మరియదాసుకి అప్పగించారు. బాగుచేస్తే ఏటా మైకు పని అతనికే ఇస్తామన్నారు. కరెంటులో ఎగుడుదిగుళ్లు సరిచేసే కండెన్సరు పోయి, పెట్టె ఏడాదిగా గుంయ్‌మంటోంది. అతను కొత్తది వేశాడు. పెట్టె నోరు మూసుకుంది.

సాయంత్రం వేదికమీద భాగవతారుగారు పాట ఎత్తుకుని, అపస్వరం పలికి ఆగిపోయారు.

"శ్రుతి ఏదోయ్?"

"ఆ పెట్టె మోత శ్రుతి కాదండీ, రోగం. కుదిర్చాను."

"చర్చి గంటలు వినే చెవులకి శ్రుతేం తెలుస్తుందిలే!" అన్నారు కమిటీ ప్రెసిడెంటుగారు.

మరియదాసు సంచిలోంచి పాత కండెన్సరు తీసి మళ్లీ అతికించాడు. పెట్టె గుంయ్‌మంది.

"ఆఁ, ఇప్పుడు కుదిరింది!" అన్నారు భాగవతారుగారు.

పని మరియదాసుకే ఖాయమైంది. ఏటా వెళ్లి, ఆ రోగం నయం కాకుండా చూసి వస్తుంటాడు.