బల్ల అంచున బెజ్జాలు

ఆ రోజు ఆదివారం, ఉదయం ఎనిమిదీ ఇరవై. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు గాని గడియారం చూడటం వచ్చు. సర్కారు వర్క్‌షాపులో ఖలాసీగా చేరినవాడు ముందు నేర్చుకునేది అదే. మా అయ్య నన్ను ఒక మాట అడిగిన నిమిషం అది. జవాబుకు బదులు చేతి గడియారం చూసుకున్నాను, అందుకే ఇంత కచ్చితంగా గుర్తుంది.

ఇన్నేళ్లకు దాన్ని మళ్లీ ఎందుకు కెలుక్కుంటున్నానంటే, మొన్న నా కూతురి కూతురు ఒక చిన్న డ్రిల్లింగ్ మిషను కొని తెచ్చింది. ఆ పిల్లకు డెలానీపూర్‌లో ఆఫీసు ఉద్యోగం, సెలవు రోజున చెక్కపని సరదా. పోర్ట్ బ్లెయిర్ డిగ్నాబాద్‌లో మా ఇంటి వెనక రేకుల షెడ్డును వర్క్‌షాపు చేసుకుంటానంటే సరేనన్నాను. చవకలో దొరికిందట, పెట్టె విప్పి నా పాత పడాక్ చెక్క బల్ల మీద పెట్టి, బల్ల అంచు తడిమి చూసి, "తాతా, ఇధర్ దేఖో, బోల్టులకి ఛేద్‌లు పహలే సే ఉన్నాయి! సగం పని తప్పింది నాకు" అని సంబరపడింది. ఆ బెజ్జాలు బోల్టులకి పెట్టినవి కావన్నాను. మరి దేనికంది. ఆ పిల్లకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. నాకు చదవటం యాభై దాటాక వచ్చింది, ఇలాంటివి నోటితో చెప్పటం ఇప్పటికీ రాదు. అందుకని నా ఈడువాళ్లకు రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు. మా అయ్య నన్ను చంకనేసుకుని ఓడెక్కి ఈ దీవులకు వచ్చాడు, వచ్చిన నాటి నుంచీ ఇంకొకడి పడవలో వాటా మనిషిగానే వేటకు పోయాడు. సొంత పడవ ఒకటి కుట్టుకోవాలన్నది ఆయనకున్న ఒకే ఒక్క కోరిక. అవును, కుట్టుకోవటమే. మా వాళ్ల పడవకు మేకు ఉండదు. పలకల అంచుల్లో బెజ్జాలు పెట్టి, కొబ్బరి తాడుతో పలకనూ పలకనూ కలిపి బిగించి కుడతారు. మేకులు కొట్టుకోరాదా అని ఇక్కడివాళ్లు నవ్వినా ఆయన వినలేదు. ఏళ్ల తరబడి అడవి ఆఫీసు చుట్టూ తిరిగి, వేలిముద్ర వేసి, ఒక్క పడవకు సరిపడా పడాక్ పలకలకు పర్మిట్టు సంపాదించాడు. రెండోసారి దొరకదని వాళ్లు అప్పుడే చెప్పేశారు.

ఆ ఏడే నేను మా వర్క్‌షాపు వేలంలో తుక్కు కింద పోతున్న నిలువు డ్రిల్లింగ్ మిషనును పట్టుకొచ్చాను. మోటారు కాలిపోయింది, పిడి విరిగింది, బెల్టు లేదు. కాబట్టే నాబోటివాడికి అందింది. పక్కింటి రాంచీ భయ్యా, నేనూ దాన్ని వెదురు బొంగుకు వేలాడదీసి మోసుకొచ్చాం. షెడ్డులో నేల తవ్వి సిమెంటు పోసి బోల్టులు నాటాను, మోటారుకు తీగ నేనే చుట్టాను, విరిగిన పిడికి బదులు ఇనప కడ్డీ ఒకటి వంచి బిగించాను. బిట్టు మొదటిసారి పడాక్ ముక్కలోకి సరసరా దిగి ఎర్రటి పొట్టు రాల్చిన రోజున, పోర్ట్ బ్లెయిర్ మొత్తంలో నన్ను మించినవాడు లేడనుకున్నాను. పొగరు తలకెక్కింది, ఇప్పుడు దాచుకోవటం దేనికి.

అయ్య బెజ్జం పెట్టే తీరు వేరు. అడుగు పలక పరిచి, పై పలకను తాళ్లతో లాగి వంచి దాని మీద కూర్చోబెట్టి, అది అలా వంగి ఉండగానే, తాడు లాగి తిప్పే బరమాతో రెండింటికీ ఎదురెదురుగా ఒక్కొక్కటే తొలుస్తాడు. పడాక్ గట్టి చెక్క, రోజుకు పదో పన్నెండో పడతాయి. వానలొచ్చినా ఇది తెమలదు, పలకలు నాకియ్యి, రెండు రోజుల్లో అన్నిటికీ కొట్టేస్తానన్నాను.

"బెజ్జం పడవ మీద ఎట్టాల్రా, బల్ల మీద కాదు," అన్నాడు అయ్య.

"నీ బరమా ఏ కాలందే అయ్యా! నాను సర్కారు మిషను మీద సేసేవోణ్ని."

"ఓలమ్మో, సర్కారోరొచ్చినారు, కుర్సీ ఎయ్యండర్రా!" అని మా అక్క వెక్కిరించింది. అందరూ విరగబడి నవ్వారు. అయ్య నవ్వలేదు. నా మొహం మాడిపోవటం చూశాడు కాబోలు, "సరే, అట్టుకుపో" అన్నాడు. నలుగురిలో కొడుకు చిన్నబోకూడదని తన పడవనే నా చేతిలో పెట్టాడని అర్థం చేసుకునేంత బుద్ధి అప్పుడు నాకు లేదు.

పలకలను ఒక్కొక్కటే మిషను బల్ల మీద చదునుగా పరిచి, కొలిచి గీత గీసి, వరసగా కొట్టుకుంటూ పోయాను. ఎంత అందంగా వచ్చాయని! మా వాళ్లలో మొదటి కుట్టు రోజున చుట్టాలంతా రావాలి, తాడు బిగించటానికి చేతులు కావాలి గదా. వచ్చారు. అమ్మ పసుపు రాసింది, కొబ్బరికాయ కొట్టారు, పలకను లాగి వంచారు. నడుమ బాగానే కలిసింది. ముక్కు వైపు పోయేకొద్దీ పై బెజ్జం ఒక వేలు జరిగింది, ఆపైన నాలుగు వేళ్లు, చివరికి జానెడు. చదునుగా ఉన్నప్పుడు ఎదురెదురుగా ఉన్నవి వంగాక ఎదురెదురుగా ఉండవు. బెస్త ఇంట్లో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేని సంగతి. నేను మిషను దగ్గర మరిచిపోయాను.

తప్పు బెజ్జం పడ్డ పలకను మా వాళ్లు నీళ్ల మీదికి తీసుకుపోరు. నేనొక్కణ్నే ఇంకా వాగుతున్నాను: "కర్ర బిరడాలు కొట్టి లక్క పోసేత్తాను, పక్కన కొత్తవి ఎడదాం, ఏటీ కాదు."

అయ్య తాడు వదిలేసి నా వంక చూశాడు. "నువ్వెక్కుతావేట్రా దాన్ని?"

ఎక్కుతానని ఒక్క మాట అనలేకపోయాను. నెల జీతం మనిషిని, సముద్రం మానేసి ఎన్నాళ్లో అయింది. ఎనిమిదీ ఇరవై.

అయ్య కేకలేస్తే బాగుండేది. తాడు చుట్ట చుట్టాడు, బరమా అటక మీద పెట్టాడు, వచ్చినవాళ్లకు అన్నాలు పెట్టించాడు. కొన్నాళ్లకు వేట మానేసి రంపం మిల్లులో దుంగలు మోసే పనికి కుదిరాడు, ఓపిక ఉన్నంత కాలం ఇంకెవరి పడవలకో కావలసిన చెక్కే మోశాడు. పలకలు మాత్రం తెచ్చి నా షెడ్డులో పేర్చి, నీకు పనికొస్తాయేమో చూడన్నాడు. పనికొచ్చాయి. ఆ బల్ల వాటితో చేసిందే. దాని మీద ఊరందరి తలుపులకూ బందులు బిగించి మంచి పనివాడినని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరు ఒక్కనాడూ నాకు రుచించలేదు.

ఇప్పుడు పడవలన్నీ ఫైబరువి, కుట్టే పడవ అంటే మా పిల్లలే నమ్మరు. మిషను అట్టపెట్టెలో గుమ్మం ముందుకు వస్తుంది, చేతులకు మసి అంటకుండానే తిరుగుతుంది. నేను ముసలితనంలో కూర్చుని అక్షరాలు దిద్దుకుని ఇన్ని మాటలు రాయగలుగుతున్నాను. ఆ రోజు కావలసిన ఒక్క మాటకు అక్షరాలతో పనే లేకపోయె. పిల్ల బోల్టులు బిగించుకుంది. రెండు బెజ్జాలకు సరిగ్గా సరిపోయాయట.

ఆ ఆదివారం అక్కడ ఉన్నవాళ్లు: అయ్య, అమ్మ, అక్క, బావ, మాయాబందర్ నుంచి తాడు లాగటానికని ఓడెక్కి వచ్చిన చిన్నాన్న, పక్కింటి రాంచీ భయ్యా, నా ఇల్లాలు, ఆమె ఒళ్లో పాలు తాగుతున్న నా కూతురు, నేను. మిగిలింది ఇద్దరం. నా కూతురికి అది గుర్తుండే వయసు కాదు.