డబ్బాలో తారీఖు

ఎవరైనా తారీఖు అడిగితే నాకు ఇప్పటికీ అనుమానమే.

కరీంనగర్ నుంచి మందమర్రి బస్సులో పక్క సీటాయన టిఫిన్ డబ్బా మూత తీశాడు. లోపల రొట్టెలు లేవు, ఫ్లాపీ ఉంది. నేను బొగ్గుబాయిలో పనిచేస్తానని తెలిసి సంబరపడ్డాడు.

"మీ డ్యూటీ చార్టు కంప్యూటర్ల తీసేది నేనే అన్నా! వచ్చే వారంది ముందుగాల్నే కావాల్నంటే గీ ఫ్లాపీ ఏస్త. దీంట్ల నాలుగు లైన్లు రాసిన, తారీఖును ముందుకు జరుపుతయి. చార్టు అచ్చయినంక మల్ల ఎన్కకు తెస్త."

"తెచ్చుడు మర్శిపోతే?"

ఆయన గబుక్కున డబ్బా మూత పెట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. మా హాజరు కూడా ఆ కంప్యూటర్‌లోనే ఎక్కుతుంది. పోయిన నెల నేను బాయి దిగి పనిచేసిన రోజుకే నాగా వేశారు. ఎంత మొత్తుకున్నా గుమాస్తా వినలేదు, "కంప్యూటర్ తప్పు చెప్తదా?" అన్నాడు.

కాసేపటికి పక్కాయన ఏదో దరఖాస్తు తీసి, పైన రాయబోయి ఆగాడు.

"ఇయ్యాల తారీఖెంత అన్నా?"

ఆయన ఒళ్లోకి చూశాను.

"గా డబ్బానే అడుగు."