గుమ్మం బయట నుంచి ఎక్కించిన సాఫ్ట్‌వేర్

2006 ప్రాంతంలో, నిడదవోలులో కంప్యూటర్ సెంటర్ నడిపే మా అన్నయ్య హఠాత్తుగా పోయాడు. అంతకు కొద్ది రోజుల ముందే సిస్టమ్స్‌లో విండోస్ తీసేసి, దాని బదులు ఒక వరసకు ఒక రకం లినక్స్, రెండో వరసకు మరో రకం వేశాడు. ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఎక్కించడం మిగిలిపోయింది. దినాల మధ్యలోనే పిల్లలకు అందులో పరీక్ష. కర్మ చేస్తున్నది నేనే అయినా, దినాలు పూర్తికాకుండానే, పరీక్ష ముందురోజు సెంటర్‌కి వెళ్లాను.

సెంటర్ ఉన్న ఇంటి యజమానురాలు వీరమ్మగారు గుమ్మంలోనే ఆపారు.

“మైలలో ఉన్నావు బాబూ. లోపల సరస్వతి పటం ఉంది.”

“రేపు పిల్లలకి పరీక్షండి.”

“అయితే బయట నుంచే చెప్పు. వాళ్లకి చేతులు లేవా ఏంటి?”

వసారాలో నిలబడి నేను చెబుతుంటే పిల్లలు సీడీ పెట్టి, కమాండ్లు టైపు చేశారు. మొదటి వరసలో ఎక్కింది. రెండో వరసలో అన్నిటికీ ఎర్రర్.

“మాది రావట్లేదండీ!” అని ఒకటే గోల. స్క్రీన్లు నాకు కనబడవు. అటూ ఇటూ తిరిగాను. అన్నయ్యను అడిగితే అర నిమిషం పని. అడగడానికి మనిషి లేడని అప్పుడే నిజంగా తెలిసింది.

చివరికి తట్టింది. ఆ రకం లినక్స్‌కు సీడీలో ఎక్కించాల్సిన ప్యాకేజీ ఫైలు వేరు, కమాండ్ కూడా వేరు. ఒక్కో అక్షరం చెప్పాను. ఎక్కింది.

మొదటిసారి తెరవగానే ఆ సాఫ్ట్‌వేర్ వాడేవారి పేరు అడుగుతుంది.

“ఎవరి పేరు కొట్టమంటారండీ?” అంది ఒక అమ్మాయి.

అన్నయ్య పేరు చెప్పాను. కీబోర్డులన్నీ ఒక్కసారిగా టకటకలాడాయి.

ఆ దినాల్లో మంత్రాల మధ్య ఆ పేరు చాలాసార్లు పలికాను. గుర్తున్నది మాత్రం ఆ ఒక్కసారే.